వీధిబడిలో తోటివాని దిద్దుబాటు



బడి యనగానే మన కన్నులయెదుట నిలుచునది ఒక అయ్యవారు, ఆయనకు ఎదురుగ వరుసదీరి కూర్చున్న పిల్లలు. అయ్యవారు చెప్పును, పిల్లలు విందురు. పిల్లవాడు తప్పు వ్రాసినచో అయ్యవారు దిద్దును. ప్రక్కనున్న పిల్లవాడు ఆ తప్పును వ్రేలుపెట్టి చూపెనేని దానిని అల్లరి యందుము. పరీక్షాదినమైనచో కాపీ యందుము. కాని మన పెద్దల కాలమున వీధి యరుగుమీద సాగిన బడిలో ఈ మాట చెల్లదు. అచ్చట తోటివాని తప్పును చూచి దిద్దుట పిల్లవాని పనులలో నొకటి. ఆ పద్ధతి మన సీమలో ఎట్లుండెను, సముద్రము దాటి ఏమయ్యెను, మరల మనయొద్దకు ఏ రూపున వచ్చెను అను సంగతిని నాకిచ్చిన ఈ కొద్ది గడువులో మనవి చేసెదను.

నేను చిలమత్తూరు ప్రాంతమువాడను. హిందూపురమునకు తూర్పున, కన్నడదేశపు పొలిమేరను ఆనుకొనియున్న మెట్టసీమ మాది. వాన కురిసిన వేరుసెనగ, కురియకున్న బెంగుళూరు. ఇంతే మా లెక్క. 2022వ సంవత్సరమునుండి మాది శ్రీ సత్యసాయి జిల్లా. అంతకుముందు అనంతపురము జిల్లా. ఆ అనంతపురము జిల్లాయైనను 1882లో బళ్ళారినుండి విడదీయగా ఏర్పడినదే. కావున రెండువందల యేండ్లనాటి మా బడుల సంగతి తెలిసికొనగోరువారు బళ్ళారి కాగితములనే వెదకవలెను.

ఆ కాగితములు చెదలపాలు గాక నిలిచినవి. 1822 జూన్ నెలలో మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో, ప్రతి జిల్లాలోను బడులెన్ని, చదువు పిల్లలెందరు, వారే కులమువారు, ఏమి చదువుదురు అను లెక్కను పంపుడని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. మన్రోలప్ప యని బిడ్డలకు పేరు పెట్టుకొన్న సీమ మనది గనుక ఆ దొరను గూర్చి నేను వేరుగ చెప్పనక్కరలేదు. అప్పటి బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంబెల్. తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున వ్రాసి 1816లో అచ్చువేయించినవాడు ఇతడే. మన భాష చదివినవాడు గనుక మన బడిని లెక్కకొఱకు మాత్రమే చూడక, లోపల ఏమి జరుగుచున్నదో కూడ చూచెను. అతని జాబు 1823 ఆగస్టు 17వ తేదీది.

అందలి లెక్క యిది. జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. పిల్లలు 6,641 మంది. బడులలో కన్నడము చెప్పునవి 235, తెలుగు చెప్పునవి 226. సంస్కృతమునకు 23, మరాఠీకి 23, పారసీకి 21, అరవమునకు 4, ఇంగ్లీషునకు ఒక్కటి. రెండు భాషల నడుమ బ్రతుకు మా పొలిమేరవారికి ఈ అంకెలలో వింత యేమియు లేదు. పిల్లల సంఖ్యను బడుల సంఖ్యతో భాగించినచో బడికి పండ్రెండుగురు, పదముగ్గురు వత్తురు. ఈ పండ్రెండు అను అంకెను కొంచెము మనస్సునందుంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

ఆ బడిలో దినము గడచు తీరును కాంబెల్ వివరముగ వ్రాసెను. ఉదయము ఆరు గంటలకు బడి తెరతురు. మొదట వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగ ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి హెచ్చు. సోమరులకు కోదండము, గుంజీళ్ళు. అందరును చేరిన పిమ్మట వారిని చదువునుబట్టి సాధారణముగ నాలుగు తరగతులుగ విడదీయుదురు. పై తరగతులు అయ్యవారి యెదుట నుండును. క్రింది తరగతులను కొంతవరకు పెద్దపిల్లలే చూచుకొందురు. అయ్యవారి కన్ను మాత్రము బడియంతటిమీద నుండును. ఏడాది గడచినదని గాక, తన శక్తి కొలదిని పిల్లవాడు ఒక తరగతినుండి పై తరగతికి పోవును.

చదువు ముదిరినవాడు చిన్నవానికి నేర్పుచు, నేర్పుటచేతనే తన చదువును గట్టిచేసికొనుటను కాంబెల్ మిక్కిలి మెచ్చుకొనెను. ఈ పద్ధతిని ఇంగ్లండులో అనుకరించిరనియు, ఆ గౌరవమునకు ఇది తగినదే యనియు వ్రాసెను. ఇంగ్లండు మాట ఇందులోనికి ఎట్లు వచ్చినదో వెనుక చెప్పెదను. ముందు ఇసుక సంగతి.

పిల్లవాడు మొదట నేలమీది ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దును. వ్రేలు తిరిగిన తరువాత తాటాకును గంటమును గాని, కాగితమును కలమును గాని, పలకయు కడితమును గాని పట్టును. మన జిల్లాలలో పలకయు కడితమునే హెచ్చుగ వాడుచుండిరట. ఆ పలక నేటి రాతిపలక కాదు. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవుగల కొయ్యపలక. దానిని నునుపు చేసి అన్నమును బొగ్గుపొడిని పూయుదురు. కడితము గుడ్డతో చేసినది. గంజిపెట్టి బిరుసు చేసి, పొత్తమువలె మడతలు పెట్టి, పైన బొగ్గును బంకలను కలిపి పూయుదురు. రెంటిమీదను బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడిచివేయవచ్చును.

ఇసుక, పలక, కడితము, మూడును చెరిగిపోవునవే. తోటివాని దిద్దుబాటునకు ఇదియే కీలకమని నా తలంపు. ఇసుకలోని తప్పు ప్రక్కవానికి కనబడును గాని యెల్లకాలము నిలువదు. 'థ' వ్రాయవలసినవాడు పొట్టలో చుక్క మఱచినాడనుకొనుడు. ప్రక్కవాడు "చుక్క యాడరా?" యనును. వీడు వ్రేలితో చుక్క పెట్టును. పని ముగిసినది, మాట అయ్యవారిదాక పోలేదు, కోదండముదాక రాలేదు. ఆ చుక్కను పోయిన నెలలో తానే మఱచియుండిన బాలునికి అది యెచ్చట మఱపునకు వచ్చునో బాగుగ తెలియును. అయ్యవారికి ఆ యెఱుక యుండదు. తాను మఱచిన దినములను ఆయన మఱచి యెన్నియో యేండ్లయినది. ఇక కాగితముమీద వ్రాసినదానిని వారము దినములకు ఎఱ్ఱసిరాతో కొట్టి యిచ్చుట వేరు. అప్పటికి ఆ పిల్లవాడు తానేమి తలచి యట్లు వ్రాసెనో వానికే జ్ఞాపకముండదు. గీత మాత్రము నిలుచును.

పై తరగతులవారికి మరియొక అభ్యాసముండెను. అయ్యవారు పలుచోట్లనుండి జాబులు సేకరించి తెచ్చి, నానావిధములైన చేవ్రాతలను పిల్లలచేత చదివించును. వారు జాబులు వ్రాయుటయు, ఒడంబడిక పత్రములు వ్రాయుటయు నేర్తురు. ఇందలి మేలు మీవంటి పెద్దలకు నేను చెప్పవలెనా? తాతలనాటి విక్రయపత్రమును వెలుతురునకు పట్టుకొని, అది ముప్పదియో ముప్పదియైదో తేలక కనులు చికిలించినవారు మీలో ఎందరో కలరు. వ్రాత మంచిదగునో కాదో తేల్చువాడు వ్రాసినవాడు కాడు, చదువువాడు. ఈ యెఱుక పండ్రెండేండ్ల బాలునికి కలిగినచో వాడు ప్రక్కవానిచేత చదివింపక తన జాబును మడువడు.

ఇట్లనుటచేత ఆ వీధిబడి స్వర్గమని నేను చెప్పుటలేదు. 1983లో ధర్మపాల్ గారు మన్రో కాలపు ఈ నివేదికలను అచ్చువేయించిన నాటినుండి వానిని చేతబట్టి ఆనాటి బడిని ఆకాశమునకెత్తువారు బయలుదేరిరి. కాంబెల్ జాబును తుదివరకు చదివినచో అంత యుత్సాహము నిలువదు. పిల్లలు పద్యములు వందలుగ ఒప్పచెప్పుదురు గాని చిలుకకు తెలిసినంతయే వారికి వాని యర్థము తెలియునని అతడు వ్రాసెను. మొత్తము 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. ఆ అరువదిమందియు హిందువులే. మహమ్మదీయ బాలురు 243 మంది. హిందూ బాలురలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, తక్కిన కులములవారు 1,174. తొమ్మిది లక్షలకు పైబడిన జనములో బడి ముఖము చూచినవారు ఏడువేలు లేరు. తోటివాడు దిద్దవలెనన్నను ముందు వాని ప్రక్కన కూర్చుండనీయవలెను గదా!

కాంబెల్ మరియొక చేదు నిజమును కూడ దాచలేదు. పూర్వము బడులుండిన పెక్కు గ్రామములలో ఇప్పుడు లేవనియు, పెద్ద బడులుండినచోట కలవారి బిడ్డలు కొందరే మిగిలిరనియు, దీనికి కారణము దేశము పేదయగుటయే యనియు తన ప్రభుత్వమునకే వ్రాసెను. ఐరోపా వస్త్రములు వచ్చి నేతగాండ్ర జీవనము సన్నగిల్లినదని కూడ ఒప్పుకొనెను. కడుపు నిండని యింటి బిడ్డ పశువులవెంట పోవును గాని యరుగెక్కడు. మా సీమకు ఈ వాక్యము నేటికిని క్రొత్త కాదు.

ఇక ఇంగ్లండు సంగతి. కాంబెల్ జాబునకు ముప్పది యేండ్లకు పైగా పూర్వము, 1789లో, ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు క్రైస్తవ పురోహితుడు మదరాసు ఎగ్మూరులోని బాలుర అనాథాశ్రమమునకు పెద్దగ చేరెను. సిపాయి దొరల బిడ్డలు చదువు బడి యది. ఒకనాడు గుఱ్ఱముమీద పోవుచు వీధిబడిలో మన పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచెను. తన బడిలోను అట్లే చేయుడని ఉపాధ్యాయులతో ననగా వారు ససేమిరా యనిరి. అప్పుడు జాన్ ఫ్రిస్కెన్ అను బాలుని పిలిచి అక్షరముల తరగతిని వానికే యప్పగించెను. ఒక సామాన్య సైనికుని కొడుకు. వయస్సు ఎనిమిదేండ్ల ప్రాంతము. పెద్దలు కాదన్నదానిని ఆ పిల్లవాడు చేసి చూపెను. అటుపిమ్మట బెల్ బడియంతయు ఆ మార్గమున దిద్దుకొనెను. తరగతిలో నేర్పువానిని నేర్చువానిని జంటలుగ కూర్చుండబెట్టెను. తప్పు చేసినవారి పేర్లు ఒక నల్లపుస్తకములో ఎక్కించి, వారిమీద తీర్పు చెప్పుటకు తోటిపిల్లలనే పంచాయతీగ పిలిచెను. 1796లో స్వదేశమునకు మరలి, 1797లో లండనులో ఈ ప్రయోగమును గూర్చి పుస్తకము ప్రకటించెను. దానికి మదరాసు పద్ధతి యని పేరు వచ్చినది.

1798లో లండనులోనే జోసెఫ్ లాంకాస్టర్ అను యువకుడు పేదపిల్లల బడి పెట్టి, ఇట్టి పద్ధతిని ఇంకను పెద్దదిగ చేసెను. ఒక్క ఉపాధ్యాయుడు, వందలకొలది పిల్లలు, నడుమ మానిటరులను పెద్దపిల్లలు. ఖర్చు స్వల్పము; దొరలకు నచ్చినది. 1811లో బెల్ పద్ధతిని వ్యాపింపజేయుటకు ఇంగ్లండులో జాతీయ సంఘమే యేర్పడెను. ఆ మానిటరు బడులు న్యూయార్కుకు పోయినవి, దక్షిణ అమెరికాలోని కారకాస్‌కు పోయినవి. 1832లో బెల్ చనిపోగా ఇంగ్లండు రాజులను పూర్వము పాతిపెట్టిన వెస్టుమినిస్టరు దేవాలయములో అతనిని సమాధి చేసిరి. అతని సొమ్ముతో స్కాట్లండులో వెలసిన పాఠశాల పేరు నేటికిని మదరాసు కాలేజి. మన యరుగుమీది ఇసుకకు అంత దూరమున అంత మర్యాద!

కాని యా పద్ధతి అచ్చట చిరకాలము నిలువలేదు. పదేండ్ల మానిటరు తనకు తెలిసిన నాలుగు మాటలను పదిమందిచేత వల్లె వేయించును, వారు తిరిగి చెప్పుదురు, అంతటితో సరి. అర్థము తెలిసినదా లేదా యని అడుగుటకు వానికి తీరికయు లేదు, తెలివియు చాలదు. లాంకాస్టర్ బడిలో తప్పు చేసినవాని మెడకు కొయ్యదుంగ కట్టుటయు, గంపలోనుంచి పైకప్పునకు వ్రేలాడదీయుటయు కలవు. కోదండము కూడ ఓడయెక్కి పోయినదా యని నాకు నవ్వు వచ్చును. 1846లో అచ్చటి ప్రభుత్వము మానిటర్లకు బదులుగ, వయస్సు వచ్చిన శిష్యోపాధ్యాయులకు జీతమిచ్చి తర్ఫీదు చేయు ఏర్పాటు పెట్టినది.

ఎందువలన చెడినది? ఇచ్చట నేను మనస్సునందుంచుకొనుడని కోరిన పండ్రెండు అను అంకెతో పనిబడుచున్నది. పండ్రెండుమంది బడిలో పెద్దపిల్లవాడు చిన్నవాని ప్రక్కన కూర్చుండును. వాని వ్రేలు ఎటు పోవుచున్నదో చూచును. అయ్యవారి కన్ను ఇద్దరిమీదను ఉండును. పెద్దవాడు తప్పుగ దిద్దినను అయ్యవారికి తెలియును. ఆ పండ్రెండును మూడువందలు చేసినచో చూచుట పోయి, కాపలా మిగులును. ఇంగ్లండు మనయొద్దనుండి పెద్దపిల్లవాని అధికారమును తీసికొనిపోయెను. అయ్యవారి కన్నును తీసికొనిపోలేదు. చవుక యని కొన్నదానిలో చవుకయే దక్కినది.

ఈలోపల మన బడులును మారినవి. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షించి, నెగ్గినవారి సంఖ్యనుబట్టి గ్రాంటు నిచ్చు పద్ధతి మదరాసు రాజధానిలో నడచెను. ఒక్కొక్క పిల్లవాడు ఒక్కొక్క పద్దు. అట్టిచోట ప్రక్కవానికి చుక్క చూపినవాడు సాయపడినవాడు కాడు, లెక్క చెఱచినవాడు. పలకను చేతితో కప్పుకొని వ్రాయుట అప్పటినుండి పిల్లలకు అలవాటైనదని నా యూహ. నల్లపుస్తకము మాత్రము చావలేదు. అయ్యవారు బయటికి పోయినపుడు తరగతిపెద్ద నల్లబల్లమీద "మాటలాడినవారు" అని శీర్షిక పెట్టి పేర్లెక్కించుట మీరును ఎఱుగుదురు, మీ మనుమలును ఎఱుగుదురు. స్నేహితుని పేరు విడుచును, కక్షవాని పేరు రెండుమార్లు వ్రాయును. తోటివాని దిద్దుబాటు తోటివాని పెత్తనముగ మారుటకు ఇంతకంటె దృష్టాంతమక్కరలేదు.

ఆ పాత విత్తు మన ప్రక్కనే మరల మొలకెత్తినది. మదనపల్లె సమీపమున జిడ్డు కృష్ణమూర్తి గారు నెలకొల్పిన ఋషివ్యాలీ సంస్థవారు, 1980ల తరువాతి కాలమున చుట్టుపట్ల పల్లెలలో చిన్నబడులు తెరచిరి. ఒక్క ఉపాధ్యాయుడు, అన్ని వయస్సుల పిల్లలు, అచ్చముగ వీధిబడి. పద్మనాభరావు, రమ అను దంపతులు పాఠములను చిన్నచిన్న అట్టలుగ విడదీసి, నిచ్చెన మెట్లవలె వరుస కూర్చిరి. పిల్లవాడు తన మెట్టునుండి తన శక్తి కొలది పైకి పోవును. కాంబెల్ చూచిన నాలుగు తరగతులలో పోయినట్లే. గుంపులును నాలుగే: ఉపాధ్యాయుని తోడు పూర్తిగ కావలసినవారు, కొంత కావలసినవారు, తోటిపిల్లల తోడుతో చేయువారు, తమంతట చేయువారు. 2003లో మదరాసు నగరపాలక పాఠశాలలు ఈ పద్ధతిని స్వీకరించెను. ఎగ్మూరులో బెల్ దొర ఇసుకను పట్టిన రెండు శతాబ్దములకు అదే పట్టణము మరల పల్లెబడినుండి పాఠము నేర్చుకొన్నది. 2020లో వెలువడిన జాతీయ విద్యావిధానములో సయితము, శిక్షణ పొందిన ఉపాధ్యాయుని పర్యవేక్షణలో తోటిపిల్లలు నేర్పుకొనుటను ప్రోత్సహింపవలెనని వ్రాసిరి.

వ్రాయుట సులభము. నేను మా మెట్టపల్లెలలో ఉపాధ్యాయుడనుగ నుండినవాడను గనుక చేయుటలోని చిక్కును కొంచెమెఱుగుదును. "నీ స్నేహితుని వ్రాత ఎట్లున్నదో చెప్పు" మనినచో పిల్లలు రెండే మాటలు చెప్పుదురు: బాగుంది, బాగలేదు. మొదటిదానితో ఉపయోగము లేదు, రెండవదానితో జగడము. అందుచేత నేను వ్రాతను మెచ్చుమని గాని తప్పు పట్టుమని గాని అడుగుట మానితిని. వ్రాసినదానితో ఏదైనను ఒక పని చేయుమని యడిగితిని. ఒకడు చిలమత్తూరునుండి లేపాక్షి బసవన్నయొద్దకు త్రోవ వ్రాయవలెను. ప్రక్కవాడు ఆ వ్రాతను మాత్రము చదువుచు, నోరెత్తక, పలకమీద ఆ త్రోవను గీయవలెను. గీత ఎచ్చట ఆగునో అచ్చట తన వ్రాతలో లోటున్నదని వ్రాసినవానికే తెలియును. లెక్కలకును ఇట్లే, "నీ లెక్క తప్పు" అనుట కాదు, "ఈ అంకె నీకెచ్చటినుండి వచ్చెను?" అని యడుగుట. సగము తప్పులు జవాబు చెప్పుచుండగనే దొరకును.

ఒక్కొక్కపుడు దిద్దినవాడే తప్పు. 'కళ్ళము' అని సరిగ వ్రాసినదానిని కొట్టి 'కల్లము' చేయు ఘనులు ప్రతి తరగతిలోను ఉందురు. దానికి మందు అయ్యవారి కన్నే. ఇది కాంబెల్ నాటికిని అంతే, నేటికిని అంతే. దిద్దుబాట్లను దిద్దుటకు కాలము లేని ఉపాధ్యాయుడు ఈ పనికి పూనుకొనకుండుట మేలు.

మా సీమలో దీనికొక ప్రత్యేక ప్రయోజనము కలదు. కరవు సంవత్సరములలో తల్లిదండ్రులు కూలికై బెంగుళూరు పోవుదురు. బిడ్డలను వెంట తీసికొనిపోవుదురు. నాలుగు నెలలకో అయిదు నెలలకో ఆ బిడ్డ తిరిగి వచ్చి తరగతిలో కూర్చుండును. పాఠము చాల దూరము పోయియుండును. ఒక్క ఉపాధ్యాయుడు అందరిని ఆపి వెనుకకు పోలేడు. ఆ బిడ్డ నలుగురిలో నోరు విప్పి యడుగలేదు. ఇట్టి బాలికలలో చాలమంది రెండవ నెలలోనే బడి మానుట నేను చూచితిని.

అట్లు తిరిగి వచ్చిన బాలిక నొకదానిని, లేపాక్షి త్రోవ వ్రాసిన పిల్లవాని ప్రక్కన కూర్చుండబెట్టితిని. ఆ బాలునికి తరగతిలో మొదటివాడను పేరు. "చింతమాను దగ్గర ఎడమచేతికి తిరగవలెను" అని వాడు వ్రాసియుండెను. ఆ పిల్ల బలపము ఆపి, చాలసేపు చూచి, తుదకు మెల్లగ అడిగినది: "ఏ చింతమాను? ఆడ రెండుండాయి గదా?"

వాడు తన పలక తీసికొని, ఆ పంక్తిని చేతితో తుడిచి, మరల వ్రాసెను.